సోషియాలజీ అంటే కామన్ సెన్సేనా? బీఏ మొదటి పేపర్ రివ్యూ

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? దోస్త్‌లో, అంటే తెలంగాణ డిగ్రీ అడ్మిషన్ల వెబ్‌సైట్‌లో, ఆప్షన్లు పెట్టుకునే రోజులొచ్చాయంటే చాలు, నాకొచ్చే మెసేజ్‌లన్నీ ఒకటే పాట. "అన్నా, బీఏలో సోషియాలజీ తీసుకుందామనుకుంటున్నా, ఈజీయేనా? స్కోరింగేనా?" ఇంకొందరైతే "అందులో ఏముందన్నా, అంతా మనకు తెలిసిందేగా" అంటారు. నేను చదివింది తెలుగు మీడియం బీఏ, తర్వాత ఎంఏ కూడా ఇదే సబ్జెక్టు. అందుకని ఇవాళ ఫస్టియర్‌లో వచ్చే ఆ మొదటి పేపర్‌కి, అంటే సమాజశాస్త్ర పరిచయానికి రివ్యూ చేసేద్దాం.

ముందు ఆ "తెలిసిందేగా" సంగతి తేల్చేద్దాం. చిన్న టెస్ట్. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుల మీద పెద్ద సర్వే చేశారు. అందులో తేలినవి మూడు చెప్తాను, వినండి. ఒకటి, బాగా చదువుకున్న సైనికుల్లో మానసిక ఇబ్బందులు ఎక్కువ. రెండు, పల్లెల నుంచి వచ్చినవాళ్లు పట్నంవాళ్ల కంటే సైన్యంలో హుషారుగా ఉన్నారు. మూడు, దక్షిణాది రాష్ట్రాలవాళ్లకి ఎండ అలవాటు కాబట్టి, ఉష్ణమండల దీవుల్లో ఉత్తరాదివాళ్ల కంటే బాగా తట్టుకున్నారు.

మీరిప్పుడు తలూపుతూ ఉంటారు. చదువుకున్నవాడికి ఆలోచనలెక్కువ, పల్లెటూరివాడికి కష్టం అలవాటే, ఇక ఎండ సంగతి చెప్పే పనే లేదు. దీనికో సర్వే ఎందుకు, మా తాతనడిగినా చెప్తాడు అనిపిస్తుంది. కానీ ఆ మూడూ తప్పే. చదువు తక్కువున్నవాళ్లలోనే మానసిక ఇబ్బందులు ఎక్కువ కనిపించాయి. వేడిని తట్టుకోవడంలో దక్షిణాదివాళ్లు ఏమీ మెరుగ్గా లేరు. పాల్ లాజర్స్‌ఫెల్డ్ అనే సోషియాలజిస్టు 1949లో ఆ సర్వే గురించి రాస్తూ పాఠకులతో ఇదే ఆట ఆడాడు. అసలు ఫలితాలే ముందు చెప్పినా మనం "తెలిసిందేగా" అనే అనేవాళ్లం. ఏ వైపుకైనా కారణం అల్లడం మనకు క్షణం పని.

నన్నడిగితే మొదటి క్లాసులో ఇది చెప్పాలి. చెప్పరు. మొదటి యూనిట్ పేరు "సమాజశాస్త్రం: నిర్వచనం, స్వభావం, పరిధి" లాగా ఉంటుంది. ఫ్రెంచ్ తత్వవేత్త ఆగస్ట్ కామ్టే 1838లో సోషియాలజీ అని పేరు పెట్టాడు, అంతకుముందు సోషల్ ఫిజిక్స్ అనేవాడు, డర్క్‌హైమ్ ఇలా నిర్వచించాడు, మాక్స్ వెబర్ అలా నిర్వచించాడు. ఆ తర్వాత సోషియాలజీకీ చరిత్రకీ సంబంధం, సోషియాలజీకీ ఆర్థికశాస్త్రానికీ సంబంధం, రాజనీతిశాస్త్రానికీ సంబంధం... మాఘమాసంలో పెళ్లి సంబంధాల్లా ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. చాలామంది ఇక్కడే బోర్ కొట్టి క్లాసు మానేస్తారు. ఈ యూనిట్‌కి నేనిచ్చేది పదికి మూడు. ఓపిక పట్టండి, దీన్ని బట్టి సబ్జెక్టుని అంచనా వేయకండి.

రెండో భాగంలో మూల భావనలు వస్తాయి. పుట్టుకతో వచ్చే అంతస్తు, సాధించుకున్న అంతస్తు, పాత్ర, ప్రాథమిక సమూహాలు (కుటుంబం లాంటివి), ద్వితీయ సమూహాలు (ఆఫీసు లాంటివి), లోకరీతులు (రోజువారీ అలవాట్లు), నైతిక నియమాలు (తప్పితే సమాజం ఊరుకోనివి). ఇవి తేలికే, ఒక్కోదానికి మీ వీధిలోంచి ఒక ఉదాహరణ రాసిపెట్టుకుంటే పరీక్షకి సరిపోతుంది. కానీ ఇక్కడొక మనిషి దగ్గర ఆగాలి. సీ. రైట్ మిల్స్, అమెరికన్ సోషియాలజిస్టు, 1959లో రాశాడు. లక్ష మంది ఉన్న ఊళ్లో ఒక్కడికే పని లేదనుకోండి, అది వాడి సొంత బాధ. వాడి నైపుణ్యం, వాడి స్వభావం చూడొచ్చు. అదే 5 కోట్ల మంది పనిచేసే దేశంలో కోటిన్నర మందికి పని లేకపోతే, ఒక్కొక్కణ్ణీ పిలిచి "నువ్వు సరిగ్గా ప్రయత్నించలేదు" అనడంలో అర్థం లేదు. బీటెక్ అయిపోయి ఇంట్లో కూర్చున్న అబ్బాయిని చుట్టాలు ఎలా చూస్తారో మీకు తెలుసు. మొత్తం బ్యాచ్‌కే ప్లేస్‌మెంట్లు రాని ఏడాదిలో కూడా తిట్లు మాత్రం ఆ అబ్బాయికే. ఇది బుర్రకెక్కితే ఈ కోర్సు ఫీజు వసూలైనట్టే.

ఇక నాకు బాగా నచ్చిన భాగం, వివాహం, కుటుంబం, బంధుత్వం. మంచి లెక్చరర్ ఉంటే మీచేత బంధుత్వ చార్ట్ గీయిస్తారు. మగవాళ్లకి త్రిభుజం, ఆడవాళ్లకి సున్నా, పెళ్లికి రెండు అడ్డగీతలు, పిల్లలకి కిందికి ఒక గీత. మూడు తరాలు గీయాలి. చూడ్డానికి డ్రాయింగ్ క్లాసులా ఉంటుంది కానీ, మేనరికం ఉన్న ఇంట్లో తమాషా మొదలవుతుంది. అమ్మది, నాన్నది మేనరికం అనుకోండి, నాన్న వాళ్ల అమ్మ, అమ్మ వాళ్ల నాన్న తోడబుట్టినవాళ్లు. అప్పుడు మీ నుంచి కుడివైపు ఎక్కిన గీత, ఎడమవైపు ఎక్కిన గీత ఇంకో తరం పైకెళ్లి ఒకే జంట దగ్గర కలుస్తాయి. అక్క కూతుర్ని చేసుకున్న మేనమామ ఉంటే ఇంకా చిక్కు, రెండు తరాలు ఒకే వరసలో గీయాల్సి వస్తుంది. పెన్సిల్‌తోనే గీయండి, రబ్బరు దగ్గర పెట్టుకోండి.

మానవశాస్త్రవేత్త ఐరావతి కార్వే 1953లో దేశం మొత్తం బంధుత్వాల మీద రాసిన పని ఇక్కడ ఉపయోగపడుతుంది. ఉత్తరాదిలో చాలాచోట్ల అమ్మాయి బొత్తిగా పరాయి ఇంటికి వెళ్తుంది, సొంత ఊళ్లో సంబంధమే చూడరు. మన దగ్గర చిన్నప్పటి నుంచి ఎత్తుకుని తిప్పిన మేనత్తే అత్తగారవుతుంది. మరి చట్టం ఏమంటుంది? 1955 హిందూ వివాహ చట్టం అన్నాచెల్లెళ్ల పిల్లల మధ్య పెళ్లిని, మేనమామ, మేనకోడలి పెళ్లిని నిషిద్ధ బంధుత్వాల కిందే పెట్టింది. కానీ ఇరువైపులా ఆచారం ఒప్పుకుంటే చెల్లుతుందని అందులోనే మినహాయింపు ఉంది. ఆచారం, చట్టం అని పుస్తకంలో రెండు వేరువేరు హెడ్డింగులు చదివి వదిలేస్తాం. ఇక్కడ రెండూ ఒకే వాక్యంలో కూర్చున్నాయి.

ఇదిగో, ఇది ఆదివారం పేపర్, పెళ్లి సంబంధాల పేజీ. కొంచెం జూమ్ చేస్తాను. ఎత్తు, జీతం, నక్షత్రం, కులం. కొన్ని ప్రకటనల్లో చివర "శాఖాభేదం లేదు" అని ఉంటుంది, అంటే ఆ కులంలో ఏ శాఖైనా ఫర్వాలేదని. పైకి చాలా ఉదారంగా కనిపిస్తుంది కదా? కానీ తెరిచింది లోపలి గదుల మధ్య తలుపులే, వీధి తలుపు గడియ అలాగే ఉంది. అంబేద్కర్ 1916లో కొలంబియా యూనివర్సిటీలో చదివిన పత్రంలో కులానికి ప్రాణం అంతర్వివాహమే, అంటే సొంత కులంలోనే పెళ్లి చేసుకోవడమే అన్నాడు. ఆ పత్రం రాసేటప్పటికి ఆయనకి పాతికేళ్లు. సిలబస్‌లో ఉన్నా లేకపోయినా చదవండి, చిన్నదే. ఒక హెచ్చరిక: కులం యూనిట్ రాగానే క్లాసులో గాలి మారుతుంది. ఎవరు ఏమిటని పక్కచూపులు మొదలవుతాయి. దీన్ని సంభాళించగలిగే లెక్చరర్ దొరకడం మీ అదృష్టాన్ని బట్టి ఉంటుంది.

ఇప్పుడు నా అసలు కంప్లైంట్. హైదరాబాద్ చుట్టుపక్కల చదివేవాళ్లకి ఇది మరీ అన్యాయం. మానవశాస్త్రవేత్త ఎస్.సీ. దూబే ఉస్మానియాలో ఉండగా విద్యార్థుల బృందంతో శామీర్‌పేటని అధ్యయనం చేశాడు. ఆ పుస్తకం 1955లో వచ్చింది. స్వతంత్ర భారతదేశంలో ఒక ఊరిని అన్ని వైపుల నుంచీ చూసిన తొలి పుస్తకాల్లో అదొకటి. కులాలవారీ పనులు, పండగలు, ఇంటి లోపలి గొడవలు, డబ్బు లెక్కలు అన్నీ ఉంటాయి. అదే శామీర్‌పేట ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉంది. సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్‌లో కరీంనగర్ వైపు బస్సెక్కితే దారిలోనే వస్తుంది. అయినా పిల్లలకి ఇది ఒక్క లైను బిట్‌గానే తెలుసు: "దూబే, శామీర్‌పేట, 1955." సిలబస్ రాసేవాళ్లు ఆ బోరు కొట్టే "సంబంధం" పాఠాలు రెండు తీసేసి, పిల్లల్ని ఒక రోజు అక్కడికి పంపితే ఎంత బాగుంటుంది!

సోషియాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ సంగతి కూడా చెప్పాలి. సంస్కృతీకరణ (కింది కులాలు పై కులాల ఆచారాలు అలవర్చుకోవడం), ఆధిపత్య కులం (ఊళ్లో సంఖ్య, భూమి, పలుకుబడి ఉన్న కులం) అనే మాటలు ఆయనవే. మైసూరు దగ్గరి ఊరి మీద ఏళ్ల తరబడి సిద్ధం చేసుకున్న నోట్సు 1970లో స్టాన్‌ఫోర్డ్‌లో తగలబడిపోయింది. తర్వాత ఎక్కువగా జ్ఞాపకం మీద ఆధారపడి పుస్తకం రాశాడు, 1976లో వచ్చింది. నోట్సు పోయిందని ఏడ్చే ప్రతి సెమిస్టర్‌లో నేనిదే గుర్తుచేసుకునేవాణ్ణి.

పరీక్ష సంగతికొద్దాం. "కుటుంబాన్ని నిర్వచించి విధులు రాయండి" అని అడిగితే, కుటుంబం అంటే ప్రేమ, ఆప్యాయత అని రెండు పేజీలు నింపేస్తారు. పాస్ మార్కులు పడతాయి, అంతే. అమెరికన్ మానవశాస్త్రవేత్త మర్డాక్ కుటుంబానికి ఏమేం ఉండాలన్నాడో రాయండి: ఒకేచోట నివాసం, ఆర్థిక సహకారం, సంతానం. తర్వాత పేరాలో కేరళ నాయర్ల పాత పద్ధతి రాయండి, అక్కడ భర్త రాత్రి వచ్చి పొద్దున్నే తన తల్లింటికి వెళ్లిపోయేవాడు. ఒకేచోట నివాసం అన్న షరతు అక్కడే తేలిపోయింది. దిద్దేవాళ్లు నిద్రలేస్తారు. అదే విషయం, అదే రెండు పేజీలు, కానీ వాదన ఉంది.

తెలుగు మీడియంవాళ్లకి ఒక టెన్షన్ నిజంగానే ఉంది. మనిషి సమాజం పద్ధతులు నేర్చుకోవడాన్ని ఒక పుస్తకంలో సాంఘికీకరణ అంటారు, ఇంకోదాంట్లో సామాజికీకరణ. భయపడకండి, జవాబులో మొదటిసారి వాడినప్పుడు పక్కన సోషలైజేషన్ అని కూడా రాసేయండి. చదవడానికి ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకాలు, ఇగ్నో వాళ్ల ఈ-జ్ఞానకోశ్ ఉచితంగా దొరుకుతాయి. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ తెలుగు పుస్తకాలు దొరికితే వదలొద్దు. క్వశ్చన్ బ్యాంక్ మాత్రం పరీక్షకి వారం ముందు తెరవండి, జూలైలో కాదు.

సివిల్స్ ఆలోచన ఉన్నవాళ్లకి, మెయిన్స్‌లో 1750 మార్కులకి ఆప్షనల్ 500. సోషియాలజీ తీసుకుంటే ఈ ఫస్టియర్ పునాది అక్కడ పనికొస్తుంది. "డిగ్రీ అవగానే ఉద్యోగం" అన్న లెక్కతో మాత్రం రావద్దు. ఎంఏ, లెక్చరర్ అర్హత కోసం నెట్ పరీక్ష, లేదా సర్వే పనులు, స్వచ్ఛంద సంస్థలు, దారి కాస్త పొడుగే. సమాజసేవ చేయాలని ఉంటే ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చూడండి, అది వేరే కోర్సు.

మొత్తం పేపర్‌కి పదికి ఏడు. ఆ మూడు ఎక్కడ కోశానో మీకు తెలుసు. మీ యూనివర్సిటీ సిలబస్‌లో బంధుత్వం యూనిట్ ఉందో లేదో కామెంట్‌లో పెట్టండి, లేనివాళ్ల కోసం చార్ట్ గీయడం మీద విడిగా వీడియో చేస్తాను.