టుకిరాల ఎక్కడుంది?

శ్రోతలకు నమస్కారం.

ముందుగా ఒక పేరు మీ చెవిన వేస్తాను. టుకిరాల. మళ్లీ చెబుతాను, నెమ్మదిగా వినండి. టుకిరాల. ఇది మన పక్క ఊరే. మనలో చాలామంది రైల్లోనో బస్సులోనో ఆ ఊరు దాటి ఉంటారు. తట్టిందా? తట్టకపోతే ఫరవాలేదు. నాకు రెండు రోజులు పట్టింది, అది కూడా మా పెద్దమ్మ చెబితే. ఆ రెండు రోజుల కథే ఇవాళ మీకు చెప్పబోతున్నాను.

పోయిన సంక్రాంతి వెళ్లిన వారానికి దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి భార్యాభర్తలిద్దరు విజయవాడ వచ్చారు. తెలిసినవారు నా దగ్గరకు పంపారు. ఆమె బడిపంతులమ్మగా చేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. ఇంట్లో మాట్లాడేది ఇంగ్లీషే అయినా, పూజ దగ్గర, పెళ్లి పీటల దగ్గర వాళ్ల అవ్వ నుంచి వచ్చిన తెలుగు మాటలు కొన్ని ఇంకా మిగిలి ఉన్నాయి. "అవ్వ" అని ఆమె అన్నప్పుడు నాకు ఒళ్లు ఝల్లుమంది. నాలుగు తరాలు సముద్రం అవతల గడిచినా ఆ పిలుపు అరగలేదు. కుటుంబం కోరిక మీద వాళ్ల పేర్లు, ఆ ముత్తాత పేరు ఇక్కడ చెప్పడం లేదు. ముత్తాతగారు అనే అంటాను.

ఆమె చేతిలో ఒక కాగితం ఉంది. ముత్తాతగారు ఓడెక్కినప్పుడు రాసుకున్న జాబితాలో ఆయన వరసకు నకలు అది. అందులో ఏముందో చెప్పేముందు, ఆ జాబితాలు ఎందుకు పుట్టాయో నాలుగు మాటల్లో చెప్పాలి.

డర్బన్ ఉన్న ప్రాంతం పేరు నాటాల్. అది అప్పట్లో బ్రిటిష్ వలస రాజ్యం. అక్కడి చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి బయలుదేరిన మొదటి జట్టుతో డర్బన్ చేరింది. అది మొదలు 1911 వరకు 1,52,000 మందికి పైగా మన దేశం నుంచి ఒప్పందపు కూలీలుగా అక్కడికి వెళ్లారు. వాళ్లలో సగానికి పైగా మద్రాసు రేవులోనే ఓడెక్కారు. తమిళులు, తెలుగువారు కలిసే వెళ్లారు. ఒప్పందం ఐదేళ్లు. మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు, ఆ తర్వాత ఏడాదికి ఒక షిల్లింగు చొప్పున పెంపు. తిండి గింజలు, తల దాచుకోవడానికి చోటు యజమానివే. ఎక్కువ మంది చెరకు తోటలకు పోయారు, కొందరు బొగ్గు గనులకు పోయారు. ఇంకొందరిని నాటాల్ ప్రభుత్వ రైల్వే తీసుకుంది. మన ముత్తాతగారు ఆ రైల్వేకి పోయినవారు.

రైల్వే అంటే ఏ పని అనుకుంటున్నారు? ఇంజను నడపడం, జెండా ఊపడం కాదు. పట్టాల కింద కంకర కూరడం, స్లీపర్లు మోయడం, కొండచరియ తవ్వి దారి చేయడం, వానకు కొట్టుకుపోయిన కట్టను మళ్లీ ఎత్తడం. డర్బన్ నుంచి పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కు 1880లో రైలు చేరింది. అక్కడి నుంచి లేడీస్మిత్‌కు 1886లో వెళ్లింది. సముద్రమట్టం నుంచి అంత ఎత్తుకు ఎక్కే ఆ దారిని రోజూ కనిపెట్టుకుని ఉండడానికి చేతులు కావాలి. మా నాన్నగారు బెజవాడలో గ్యాంగు మేస్త్రీగా చేశారు. మే నెలలో పట్టాలు కాగి సాగే రోజుల్లో ఆయన ఇంటికి వచ్చి అరచేతులు చల్లనీళ్ల బిందెకు ఆనించి కూర్చునేవారు. అందుకే ఆ కాగితంలో యజమాని అన్నచోట రైల్వే అని చూడగానే ముత్తాతగారి చేతులు నాకు తెలిసిన చేతుల్లాగే అనిపించాయి.

ఇక కాగితం సంగతి. ప్రతి మనిషికీ ఒక నంబరు ఉంటుంది. దాని పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు. ఇంటిపేరు మాత్రం ఉండదు. మన దగ్గర మనిషికి ముందు నడిచే ఇంటిపేరును ఆ గుమాస్తాలు పట్టించుకోలేదు. ముత్తాతగారి సొంత పేరే తర్వాత వాళ్ల కుటుంబానికి ఇంటిపేరైపోయింది. దక్షిణాఫ్రికాలో చాలా కుటుంబాలకు ఇలాగే జరిగింది. అంటే పేరు పట్టుకుని ఇక్కడ వెదికితే దారి దొరకదు. మిగిలింది ఊరే.

ఆ ఊరి గడిలో ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉంది, టుకిరాల అని. జిల్లా గడిలో కృష్ణా అని ఉంది. తాలూకా గడిలో సిరా అలుక్కుపోయింది. ఎడమ మోకాలి కింద మచ్చ అని గుర్తుల గడిలో ఉంది.

ఆ దంపతులు అప్పటికే ఇంట్లో కూర్చుని పటాల్లో ఆ పేరు వెదికారు. దొరకలేదు. మేము ముగ్గురం కూర్చుని మళ్లీ వెదికాం. నూజివీడు దగ్గర తుక్కులూరు అనే ఊరుంది. నూజివీడు 2022 దాకా కృష్ణా జిల్లాయే. పేరు దగ్గరగా ఉంది, జిల్లా సరిపోయింది. ఇంకేం కావాలి? మర్నాడు పొద్దున్నే కారు మాట్లాడుకుని వెళ్లాం. ఊరివాళ్లు ఎంతో ఆదరించారు, మజ్జిగ ఇచ్చారు, పెద్దవాళ్లను పిలిపించారు. ఆమె తన దగ్గరున్న పాత ఫోటో చూపించింది. ఆ పెద్దవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, తలలు ఊపారు. తెలియదమ్మా అన్నారు. తిరిగి వస్తుంటే ఆమె కారులో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది. తొందరపడి ఆమెను అంతదూరం తిప్పానే అని నాకు చాలా బాధ కలిగింది.

ఆ సాయంత్రం వాళ్లను గుంటూరులో మా పెద్దమ్మ ఇంటికి భోజనానికి తీసుకెళ్లాను. పెద్దమ్మకు తొంభై దాటాయి. చూపు బాగా తగ్గింది, చెవులు మాత్రం చురుగ్గా ఉన్నాయి. మేము కాగితం తీసి ఆమె ముందు పెట్టాం. ఆమె దాన్ని పక్కకు నెట్టి, "నాకు కనపడదు గానీ, ఏముందో చదవరా" అంది.

చదివాను. టుకిరాల.

"మళ్లీ చదువు."

టుకిరాల.

"అరవవాళ్లు పలికినట్టుంది. దుగ్గిరాల కదరా!"

గదిలో ఎవరూ కదల్లేదు. అవును. దుగ్గిరాల. అరవంలో రాస్తే తకు దకు ఒకే అక్షరం, కకు గకు ఒకే అక్షరం. ఓడెక్కే ముందు కూలీలను ఉంచిన మద్రాసు డిపోలో మనవాళ్ల పేర్లు విని రాసిన గుమాస్తాల్లో అరవవారు ఉండి ఉంటారని, దుగ్గిరాల అనే మాట వాళ్ల చెవిలో తుక్కిరాలగా పడి, ఇంగ్లీషు అక్షరాల్లో టుకిరాలగా మారిందని నా నమ్మకం. అప్పటిదాకా మేము ముగ్గురం ఆ పేరును కళ్లతో వెదికాం. పెద్దమ్మ చెవితో విన్నది. అందుకే మీకు ముందుగానే ఆ పేరు వినిపించాను. ఇలాంటి కాగితం ఎవరి చేతికి వచ్చినా, దయచేసి గట్టిగా చదవండి. పెద్దవాళ్ల ముందు గట్టిగా చదవండి. ఒకటికి రెండుసార్లు చదవండి.

అయితే చిక్కు అక్కడితో తీరలేదు. మనకు దుగ్గిరాలలు రెండున్నాయి. ఒకటి తెనాలి దారిలో ఉన్నది, పసుపు వ్యాపారానికి పేరున్నది. రెండోది ఏలూరు పక్కన ఉన్నది. ఏ దుగ్గిరాల? ఆమె ఆశగా నా వైపు చూసింది. మొదటిది ఇప్పుడు గుంటూరు జిల్లా. రెండోది ఇప్పుడు ఏలూరు జిల్లా. కాగితం మీదేమో కృష్ణా. ఇవాళ్టి లెక్కలో రెండూ కావు!

ఇక్కడే ఒక తేదీ మమ్మల్ని గట్టెక్కించింది. 1904 అక్టోబరు 1. ఆ రోజు గుంటూరు జిల్లా ఏర్పడింది. అంతకు ముందు నలభై ఏళ్లకు పైగా గుంటూరు ప్రాంతమంతా కృష్ణా జిల్లాలోనే ఉండేది. మరి ఏలూరు? అప్పట్లో ఏలూరు తాలూకా గోదావరి జిల్లాలో ఉండేది. ఆ 1904 మార్పుల్లోనే అది కృష్ణా జిల్లాలోకి వచ్చింది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా అయినప్పుడు మళ్లీ అటు పోయింది. ఒకే పేరున్న రెండు ఊళ్లు ఇలా ఒకదాని తర్వాత ఒకటి కృష్ణా జిల్లాలో ఉన్నాయి. 1904కు ముందు ఓడెక్కిన మనిషి కృష్ణా జిల్లా దుగ్గిరాల అన్నాడంటే అది తెనాలి పక్కది. తర్వాత ఓడెక్కిన మనిషి అదే మాట అంటే అది ఏలూరు పక్కది. ముత్తాతగారి ఓడ పందొమ్మిదో శతాబ్దం ఇంకా ముగియకముందే డర్బన్ చేరింది. కాబట్టి తెనాలి పక్క దుగ్గిరాలే.

ముందు ఏడాది చూడండి, తర్వాత జిల్లా చూడండి. రాసుకునే వీలుంటే ఈ ఒక్క మాట రాసుకోండి. ముందు ఏడాది, తర్వాత జిల్లా. ఇవాళ్టి పటం పక్కన పెట్టి, ఆ ఏడాది పటం మనసులో పెట్టుకోండి. కృష్ణా అని ఉందని బందరు వైపు పరుగెత్తకండి. అది బాపట్ల కావచ్చు, నరసరావుపేట కావచ్చు, పల్నాడు కావచ్చు.

మర్నాడు దుగ్గిరాల వెళ్లాం. కాలువ గట్టు మీద ఆమె నిలబడి అడిగిన ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. "ఇంత నీళ్లున్న చోటు నుంచి ఎందుకు వెళ్లిపోయారు?" అంది. నిజమే. కృష్ణ మీద ఆనకట్ట 1855 నాటికే పూర్తయింది. ఈ కాలువలు అప్పటికే పారుతున్నాయి. పచ్చటి డెల్టా ఇది. కానీ కాలువ నీళ్లు పొలం ఉన్నవాడి పొలంలోకి పారాయి. పొలం లేనివాడికి ఏడాదిలో కొన్ని నెలల కూలి మిగిలింది, మిగతా నెలల్లో అప్పు మిగిలింది. ఆయన ఎందుకు వెళ్లారో ఏ కాగితమూ చెప్పదు గానీ, కులం గడిలో ఉన్న మాట, భూమి లేని కుటుంబమని అవ్వ చెప్పిన మాట కలిపి చూస్తే నాకు తోచింది ఇదే. ఆమెకు అదే చెప్పాను.

ఇంకొక సంగతి కూడా చెప్పాను. బెజవాడ నుంచి మద్రాసుకు నేరుగా రైలు దారి 1899లో తెరిచారు. అంతకు ముందు ఈ ప్రాంతం నుంచి మద్రాసు పోవడానికి పడవ దారి ఉండేది. కొమ్మమూరు కాలువలో వెళ్లి బకింగ్‌హాం కాలువలో కలిసి, ఇసుక దిబ్బల పక్కగా రోజుల తరబడి ప్రయాణం. ముత్తాతగారు అలాగే వెళ్లి ఉంటారని నేను అనుకుంటాను. పడవ దిగి ఓడెక్కిన మనిషి, ఓడ దిగి పట్టాల మీదకు నడిచాడు.

ఊళ్లో బంధువులు దొరికారా అని మీరు అడుగుతారు. లేదు, ఇంకా దొరకలేదు. అవ్వ పెళ్లిళ్లలో చెప్పే ఇంటిపేరు ఒకటి ఆమెకు గుర్తుంది. ఆ ఇంటిపేరుగల కుటుంబాలు ఊళ్లో ఉన్నాయి. ఒక పెద్దాయన తన తాత తమ్ముళ్లలో ఒకరు "ఓడెక్కి పోయినోడు" అని ఇంట్లో అనుకునేవారని చెప్పారు. పేరు మాత్రం ఆయనకు తెలియదు. ఆమె ఆయన కాళ్లకు దణ్ణం పెట్టింది. ఆయన "నీ మోకాలి కింద మచ్చ ఉందా అమ్మా?" అని అడిగి, నవ్వి, కళ్లు తుడుచుకున్నారు. అంతవరకే. అంతకు మించి నేను చెబితే అబద్ధం అవుతుంది.

ఈ ప్రసంగం వింటున్నవారిలో కూడా "మా తాత అన్నగారు నేటాలు పోయాడట", "మా ఇంట్లో ఒకాయన ఓడెక్కాడట" అనే మాట ఎప్పుడో విన్నవాళ్లు తప్పకుండా ఉంటారు. ఆ పోయిన మనిషి తండ్రి పేరు ఏమిటో ఇవాళే ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసి పెట్టండి. జాబితాలో ఇంటిపేరు లేదు గానీ తండ్రి పేరు ఉంటుంది. అటు నుంచి వెదికేవాళ్లకు, ఇటు నుంచి వెదికేవాళ్లకు కలిసే చోటు అదే. ఓడల జాబితాలు డర్బన్‌లో క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయంవారి గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్‌లో ఉన్నాయి. ఆ జాబితాలోని నంబరు దొరికితే జాగ్రత్తగా దాచుకోండి. నాటాల్‌లో ఆ మనిషి పెళ్లి కాగితం మీద, పిల్లల పుట్టుక కాగితం మీద, చావు కాగితం మీద కూడా ఆ నంబరే వెంట నడిచింది. పేరు నాలుగు రకాలుగా రాశారు గానీ నంబరు మార్చలేదు.

పోయిన నెల ఆమె డర్బన్ నుంచి ఫోను చేసింది. ఒకే ఊరివాళ్లు డిపోలో ఒకరి వెనక ఒకరు నిలబడి ఉంటారు కదా, ముత్తాతగారి నంబరుకు ముందు, తర్వాత ఉన్న నంబర్లు కూడా చూడమని నేను చెప్పి పంపాను. చూసిందట. తర్వాతి నంబరు దగ్గర కూడా ఊరు టుకిరాల. తండ్రి పేరు అదే. వయసు రెండేళ్లు తక్కువ.

తమ్ముడు. ఆ కుటుంబంలో ఎవరికీ ఆయన ఉన్నాడని తెలియదు. అన్నను రైల్వేకి ఇచ్చారు, తమ్ముణ్ని చెరకు తోటకు ఇచ్చారు. ఆమె ఇప్పుడు ఆ రెండో నంబరు పట్టుకుని పెళ్లి కాగితాలు వెదుకుతోంది.

నమస్కారం.