నాలుగు బిళ్లలే వేశానండీ!

పెద్దలందరికీ నమస్కారం. మోకాళ్ల నొప్పుల మీద మాట్లాడమని సెక్రటరీ గారు అడిగారు. నొప్పుల సంగతి డాక్టర్లు చెబుతారు. మందుల షాపు నడిపేవాణ్ణి కాబట్టి నేను మాత్రల సంగతి చెబుతాను, అందులోనూ పారాసెటమాల్ ఒక్కటే.

మంచి మందే. డెంగీ జ్వరంలో డాక్టర్లు దీన్నే వేసుకోమంటారు. రక్తస్రావం భయంతో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వద్దంటారు. అంత నమ్మకమైన మందు కాబట్టే మనకు దాని మీద భయం లేదు, లెక్కా లేదు.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు 24 గంటల్లో 4000 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇప్పుడు చూడండి. జ్వరమని డోలో 650 నాలుగు వేశారు, 2600. ముక్కు కారుతోందని మూడు పూటలా జలుబు మాత్ర. చాలా జలుబు మాత్రల్లో 500 పారాసెటమాల్ ఉంటుంది, అంటే మరో 1500. ఒళ్లు నొప్పులకు కాంబిఫ్లామ్ రెండు, ఒక్కోదాంట్లో 325. మొత్తం 4750 అయింది. అడిగితే మాత్రం "జ్వరానికి నాలుగు బిళ్లలే వేశానండీ" అంటారు. అబద్ధమేం కాదు, మిగతావాటిలోనూ అదే ఉందని వాళ్లకెలా తెలుస్తుంది? నలభై కేజీలున్న మామ్మగారికైతే 4000 కూడా ఎక్కువే.

లివర్ ఈ మందులో చాలా భాగాన్ని హాని లేకుండా మార్చి మూత్రంలోకి పంపేస్తుంది. కొద్ది భాగం మాత్రం ఎన్ఏపీక్యూఐ అనే విషంగా మారుతుంది. లివర్‌లోనే ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థం దాన్ని విరిచేస్తుంది. మోతాదు మించితే ఈ గ్లూటాథయోన్ నిల్వ అడుగంటిపోతుంది, విషం లివర్ కణాలనే చంపేస్తుంది. జ్వరంతో రెండు మూడు రోజులు అన్నం ముట్టనివాళ్లలో ఆ నిల్వ ముందే తగ్గి ఉంటుంది. రోజూ మద్యం తాగేవాళ్లలో నిల్వ తక్కువ, పైగా విషం తయారయ్యేది ఎక్కువ. రాత్రి పెగ్గు, పొద్దున తలనొప్పికి బిళ్ల అనే అలవాటున్నవాళ్లు... నేనెవరి వైపూ చూడటం లేదు లెండి.

అసలు చిక్కేమిటంటే, మొదటి రోజు ఏమీ తెలియదు. కాస్త వికారం, నీరసం, లేదా అదీ ఉండదు. రెండో రోజు కొందరికి తేలికపడినట్టు కూడా ఉంటుంది, కానీ అప్పటికే రక్తపరీక్షలో లివర్ ఎంజైములు పెరుగుతూ ఉంటాయి. కళ్లు పచ్చబడటం, మాట తడబడటం మూడో రోజో నాలుగో రోజో బయటపడతాయి. అప్పుడు కామెర్లని పసరు మందుకు పరుగెత్తేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దీనికి విరుగుడు ఎన్-అసిటైల్‌సిస్టీన్. ఎక్కువ మోతాదు పడిన 8 గంటల్లోపు మొదలుపెడితే లివర్‌ని దాదాపు పూర్తిగా కాపాడుతుంది. ఆలస్యమైనా ఉపయోగమే, కానీ ఆ భరోసా ఉండదు. కాబట్టి మోతాదు మించిందని అనుమానం వస్తే ఒంట్లో బాగానే ఉన్నా ఆస్పత్రికి వెళ్లండి, మాత్రల షీట్లు వెంట తీసుకెళ్లండి.

మనవల విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. పారాసెటమాల్ డ్రాప్స్ ఒక మిల్లీలీటరులో సాధారణంగా 100 మిల్లీగ్రాములుంటాయి. సిరప్ అయితే 5 మిల్లీలీటర్లకు 125, కొన్నింటిలో 250. సిరప్ అనుకుని డ్రాప్స్‌ని 5 మిల్లీలీటర్ల కొలత మూతతో పోస్తే 500 లోపలికి వెళ్తుంది. పది కేజీల బిడ్డకు ఒక డోసు 100 నుంచి 150 మాత్రమే.

బ్రిటన్‌లో 1998 నుంచి మామూలు దుకాణాల్లో ప్యాకెట్‌కు 16 మాత్రలకు మించి అమ్మరు. మన దగ్గర కిరాణా కొట్లో కూడా అడిగినన్ని ఇస్తారు. ఆర్ఎంపీ దగ్గరైతే విడి బిళ్లలు కాగితంలో చుట్టి ఇస్తారు, వాటి మీద పేరుండదు. ఏ మందో ఆ కాగితం మీదే రాసివ్వమని అడగండి. మాలాంటి షాపువాళ్లు షీటు కత్తిరించి ఇచ్చినా పేరున్న ముక్కే అడిగి తీసుకోండి.

మందుల సంచులు తెచ్చుకున్నవాళ్లు టీ అయ్యాక నా దగ్గరకు రండి. కళ్లజోళ్లు మాత్రం మర్చిపోకండి, షీటు వెనక అక్షరాలు మరీ చిన్నవి.