ఏళ్లుగా షెడ్డులో నిలిచిన అంబాసిడర్: బ్రేకుల్లో తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

[దృశ్యం: నల్లగొండ శివారులో రేకుల షెడ్డు. దుమ్ము కప్పిన తెల్ల అంబాసిడర్. టైర్లలో గాలి లేదు.]

నమస్కారం. ఇలాంటి బండిని చూడగానే అందరూ అడిగేది ఒకటే: "స్టార్టవుతుందా?" నేను మాత్రం ఇంజను జోలికి ఇప్పుడే వెళ్లను. ఇంజను మోగిందంటే ఆ సంతోషంలో ఎవరో ఒకరు బండిని గేటు దాటిస్తారు. ఆపేదెలా అన్న ఆలోచన ఆ తర్వాతే వస్తుంది.

అంబాసిడర్ 1958 నుంచి 2014 దాకా బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైంది. మనకు ఎక్కువగా కనిపించే పాత బళ్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. అంటే చక్రంతో పాటు తిరిగే డ్రమ్మును, లోపలున్న షూ అనే వంపు ముక్కలు బయటికి తోసుకుని ఒరుసుకుంటూ ఆపుతాయి. పైగా వాటిలో చాలావాటికి బ్రేక్ ఆయిల్ నడిచే దారి ఒక్కటే. ఏ ఒక్క చక్రం దగ్గర కారినా నాలుగు బ్రేకులూ పోతాయి. అందుకే "మెకానిక్ షెడ్డు దాకా మెల్లగా తోలుకుపోతాను" అంటే నేను ఒప్పుకోను.

బండి కదలకపోతే ట్రాక్టరుకు తాడు కట్టి లాగడం మన ఊళ్లలో అలవాటు. దయచేసి ఆ పని చేయకండి. హ్యాండ్ బ్రేక్ వేసి వదిలేసిన బండిలో డ్రమ్ము తుప్పుపట్టి వెనక లైనర్లు, అంటే షూ మీద ఒరుసుకునే పొరలు, దానికి అతుక్కుంటాయి. బలంగా లాగితే లైనర్ ఊడివచ్చి డ్రమ్ములోనే ఇరుక్కుంటుంది. ముందు హ్యాండ్ బ్రేక్ వదలండి. షూకూ డ్రమ్ముకూ మధ్య సందును సరిచేసే షూ అడ్జస్టర్‌ను వదులు చేయండి. తర్వాత చెక్క సుత్తితో డ్రమ్ము చుట్టూ ఓపికగా తట్టండి.

[దృశ్యం: బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీస్తున్న చేయి.]

ఈ రంగు చూడండి, కాఫీ డికాక్షన్‌లా ఉంది. కొత్త ఆయిల్ లేత పసుపు రంగులో, దాదాపు నీళ్లలా ఉంటుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమ, పెడల్ దగ్గర ఆయిల్‌ను ఒత్తే మాస్టర్ సిలిండర్‌లో, చక్రాల దగ్గర షూలను తోసే వీల్ సిలిండర్లలో తుప్పు పుట్టిస్తుంది, ఆయిల్ మరిగే స్థాయిని కూడా దించేస్తుంది. డాట్ 3 అనే బ్రేక్ ఆయిల్ ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ 205 డిగ్రీల లోపు మరగకూడదు. 3.7 శాతం నీరు చేరిన ఆయిల్‌కు ఆ హద్దు 140 డిగ్రీలే. ఊళ్లో తిరిగినంతకాలం ఈ తేడా తెలియదు. మన్ననూరు దాటి నల్లమలలో శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది. డ్రమ్ములు కాగి ఆయిల్ మరిగితే ఆవిరి పుడుతుంది. ఆవిరి మీద ఒత్తిడి నిలవదు, పెడల్ నేలకు ఆనుతుంది.

ఇప్పుడు పెడల్ సంగతి. తొలిసారే దాన్ని నేల దాకా తొక్కకండి. మాస్టర్ సిలిండర్‌లో పెడల్ తోసే పిస్టన్ ఏళ్ల తరబడి ఒకేచోట ఆగి ఉంది, దాని ముందున్న సిలిండర్ గోడకు తుప్పు పట్టి ఉండవచ్చు. గట్టిగా తొక్కితే రబ్బరు వాషర్ అంచు ఆ తుప్పు మీద గీసుకుని చిరుగుతుంది. పాదం సగం మాత్రమే దించండి.

మెత్తగా, స్పాంజిలా తగిలితే లోపల గాలి చేరినట్లు. తొక్కిపట్టి ఉంచినప్పుడు మెల్లగా కిందికి జారుతూ, బయట ఎక్కడా కారకపోతే మాస్టర్ సిలిండర్ వాషర్లను అనుమానించండి. పెడల్ గట్టిగా ఉన్నా చక్రం పట్టకపోతే వీల్ సిలిండర్ బిగుసుకుపోయింది, లేదా లైనర్‌కు నూనె అంటింది. వెనక డ్రమ్ములో చిక్కటి, ఘాటైన వాసన ఉన్న నూనె కనిపిస్తే అది వెనక ఇరుసు దగ్గర నూనెను ఆపే యాక్సిల్ సీలు నుంచి వచ్చిన గేర్ ఆయిల్. దానికి బ్రేక్ సామాను కొని లాభం లేదు. అన్నట్టు, పాత లైనర్లలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆ దుమ్మును నోటితో గానీ గాలి గొట్టంతో గానీ ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

[దృశ్యం: ముందు ఎడమ చక్రం గాలిలో. కింద గట్టి స్టాండు. పెడల్ దగ్గర ఒక కుర్రాడు.]

నాకు బాగా నచ్చిన పరీక్ష ఇది. దీనికి ఒక స్పానరు, ఒక మనిషి చాలు.

"తమ్ముడూ, పెడల్ మెల్లగా తొక్కి వదిలెయ్."

"వదిలానన్నా."

చూడండి, కాలు తీసినా చక్రం తిరగడం లేదు. ఇప్పుడు చక్రం వెనక గాలినీ ఆయిల్‌నూ బయటికి వదిలే బ్లీడ్ నిపుల్‌ను కొద్దిగా వదులు చేస్తున్నాను. ఆయిల్ చిమ్మింది, చక్రం తిరిగింది. అంటే ఒత్తిడి వెనక్కి వెళ్లలేక ఇక్కడే ఆగిపోయింది. నిపుల్ తెరిచినా చక్రం తిరగకపోతే ఆయిల్‌తో సంబంధం లేదు; తుప్పుపట్టిన పిస్టన్, షూ, వెనకైతే హ్యాండ్ బ్రేక్ కేబులు చూడాలి.

ఒత్తిడిని ఆపింది ఎవరు? నిపుల్ బిగించి మళ్లీ తొక్కించి వదిలించాను. ఈసారి చక్రానికి ఆయిల్ తెచ్చే రబ్బరు హోసుకు ముందున్న ఇనుప పైపు జాయింటు వదులు చేస్తున్నాను. చక్రం తిరగలేదు. తప్పు హోసుదే. పైన ఒక్క పగులు కూడా లేదు, కానీ లోపల రబ్బరు ఉబ్బి దారి మూసుకుపోయింది. కాలి బలానికి ఆయిల్ ముందుకు వెళ్తుంది, షూ స్ప్రింగు బలానికి వెనక్కి రాలేదు. ఇక్కడే చక్రం తిరిగి ఉంటే తప్పు మాస్టర్ సిలిండర్ వైపు ఉండేది: ఆయిల్ డబ్బాలోకి తిరిగి వెళ్లే సన్న రంధ్రం పూడిపోయి ఉండవచ్చు, లేదా పెడల్ రాడ్డుకు ఉండాల్సిన కొద్దిపాటి ఖాళీ (ఆట) లేకపోవచ్చు. అప్పుడు సాధారణంగా నాలుగు చక్రాలూ పట్టేస్తాయి. వెనక రెండు చక్రాలకూ కలిపి ఒకే హోసు కాబట్టి ఆ రెండూ కలిసి పట్టుకుంటే, హ్యాండ్ బ్రేక్ తర్వాత చూడాల్సింది దాన్నే.

ఇంత చిన్న పరీక్ష చేయకుండా సామాను మొత్తం మార్చేసి, చివరికి హోసు మాత్రం పాతదే వదిలేస్తుంటే బాధ కలుగుతుంది. పాత హోసులను ఎలాగూ మార్చేయండి, పొదుపు చేయాల్సిన చోటు అది కాదు.

బ్రేక్ వేస్తే బండి ఎడమకు లాగుతోందా? అందరూ ఎడమ డ్రమ్మే విప్పుతారు. చాలాసార్లు పని చేయనిది కుడి చక్రం.

డబ్బాలో ఇంజన్ ఆయిల్ పోయకండి, భాగాలను కిరోసిన్‌తో కడగకండి. రెండూ రబ్బరును ఉబ్బించి పాడు చేస్తాయి. డాట్ 5 సిలికాన్ రకం, దాన్ని డాట్ 3, డాట్ 4 ఆయిళ్లతో కలపకూడదు. బ్రేక్ ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి.

[దృశ్యం: చదునైన ఖాళీ స్థలం. బండి మెల్లగా కదులుతోంది.]

మరమ్మతు అయ్యాక పెడల్‌ను ఒక నిమిషం గట్టిగా తొక్కిపట్టి ప్రతి జాయింటూ చూడండి. హ్యాండ్ బ్రేక్ ఒక్కదానితో బండి ఆగుతుందో లేదో చూసుకోండి. తర్వాత నడక వేగంతో కొంతదూరం తోలి, డ్రమ్ముల దగ్గర చేయి పెట్టి వేడి చూడండి, తాకకండి. ఒక్కటే ఎక్కువ కాగి ఉంటే ఆ చక్రం ఇంకా వదలడం లేదు. నిపుల్ పరీక్ష అక్కడ మళ్లీ చేయండి. అది తేలేదాకా బండిని నార్కట్‌పల్లి వైపు, హైవే మీదికి తీసుకెళ్లకండి.