పలాస ఫ్యాక్టరీలో దొంగ చీటీ

నమస్కారమండీ. మొన్న శ్రీకాకుళంలో మందుల షాపు దగ్గర నిలబడి ఉంటే, నా ముందున్న పెద్దాయన "జలుబు బాబూ, ఆ యాంటీబయాటిక్ నాలుగు బిళ్లలు ఇవ్వు" అన్నారు, షాపతను ఇచ్చేశాడు. అప్పటినుంచీ మీతో ఈ మాట చెప్పాలని ఉంది. జలుబు తెచ్చేది వైరస్, యాంటీబయాటిక్ పనిచేసేది బ్యాక్టీరియా మీద. బ్యాక్టీరియా వేరు, వైరస్ వేరు. ఎంత వేరంటే, వైరస్ వచ్చి బ్యాక్టీరియానే చంపుతుంది.

మన పేగుల్లో ఈ-కోలై అనే బ్యాక్టీరియా ఉంటుంది. దాన్ని మన పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ అనుకోండి. గోడలున్నాయి, యంత్రాలున్నాయి, కరెంటుంది, తిండి బాగా దొరికితే 20 నిమిషాల్లో ఒకటి రెండవుతుంది. దాని మీద వాలే టీ4 అనే వైరస్‌కు ఇవేవీ లేవు. పొడుగులో దానికి పదో వంతు. ఒక తల, ఒక తోక, ఆరు పొడుగు కాళ్లు. తలలో ఒక చీటీ. "నాలాంటివి తయారుచెయ్యండి" అని రాసున్న చీటీ, అదే దాని డీఎన్ఏ.

కాళ్లతో గోడ తడిమి, తనకు కావలసిన గోడే అయితే అతుక్కుంటుంది, తోక ముడుచుకుని సూదిలా గుచ్చుతుంది, చీటీ లోపలికి జారిపోతుంది, ఖాళీ డొల్ల బయటే ఉండిపోతుంది. యంత్రాలకు అది ఎవరి చీటీయో తెలియదు కదా, వచ్చింది చదివి పని మొదలుపెడతాయి. యజమాని చీటీలు ముక్కలైపోతాయి. జీడిపప్పు ఆగిపోతుంది. తలలు, తోకలు, కాళ్లు, తలలు, తోకలు, కాళ్లు! అరగంట తిరిగేసరికి గోడ పగిలి వంద పైనే కొత్త వైరస్‌లు బయటపడతాయి. ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇలాంటివాటికి 1917లో ఫెలిక్స్ డెరెల్ అనే శాస్త్రవేత్త బ్యాక్టీరియోఫేజ్ అని పేరుపెట్టారు, బ్యాక్టీరియాను తినేవని అర్థం. నన్నడిగితే ఇవి తినవు, చీటీ మారుస్తాయి.

జలుబు వైరస్‌లు వేరే రకం, అవి దూరేది మన కణాల్లోకి. అక్కడా చీటీ పనే. పెన్సిలిన్ లాంటి యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను గోడ కట్టుకోనివ్వదు. మరి చీటీకి గోడెక్కడిది? దెబ్బ తగిలేది పేగుల్లోని మంచి బ్యాక్టీరియాకి, పైగా ఆ మందుకు లొంగనివి మిగిలి పెరుగుతాయి.

అందుకని ఒక్కటే అడుగుతున్నా. జలుబుకి యాంటీబయాటిక్ మీరై అడగకండి. జ్వరం తగ్గకపోయినా, ఆయాసం వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్లండి, అది బ్యాక్టీరియానా వైరసా వాళ్లు చూస్తారు, బిళ్లలు రాస్తే మాత్రం నాలుగుతో ఆపకుండా రాసినన్ని రోజులూ వేసుకోండి.