తొట్టి గోడకు అంటిన గుడ్డు

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో ఎవరికైనా డెంగీ వస్తే మన చూపు ముందు వీధి చివరి మురుగు కాలువ మీదికి పోతుంది. కానీ డెంగీ దోమకు మురుగు నచ్చదు, తేట నీళ్లు కావాలి. కుళాయి రోజూ రాదని పట్టి దాచుకున్న డ్రమ్ము, పెరట్లో సిమెంటు తొట్టి, కూలర్ అడుగున మిగిలిన నీళ్లు, అవే దాని పుట్టిల్లు. నల్లటి ఒంటి మీద, కాళ్ల మీద తెల్ల చారలు ఉంటాయి కాబట్టి టైగర్ దోమ అంటున్నాం. శాస్త్రం పెట్టిన పేరు ఈడిస్ ఈజిప్టై. ఇది సాధారణంగా 400 మీటర్లు దాటి ఎగరదు. మిమ్మల్ని కుట్టిన దోమ మీ ఇంట్లోనో, ఆ చుట్టుపక్కల ఇళ్లలోనో పుట్టి ఉంటుంది.

శుక్రవారం డ్రై డే, అంటే నీళ్ల తొట్లు ఖాళీ చేసే రోజు అని ఊరూరా చెబుతున్నారు. చాలా ఇళ్లలో నీళ్లు పారబోసి, వెంటనే మళ్లీ నింపేస్తున్నారు. శ్రమంతా వృథా అయ్యేది ఇక్కడే. ఈ దోమ గుడ్లను నీటి మీద వదలదు. నీటి మట్టానికి కాస్త పైన, తడిగా ఉన్న గోడకు ఒక్కొక్కటిగా అంటిస్తుంది. నల్లగా, ఆవగింజలో సగం కూడా ఉండవు. తొట్టి ఎండిపోయినా అవి చావవు, నెలల తరబడి గోడను పట్టుకునే ఉంటాయి. మళ్లీ నీళ్లు నింపి, ఆ నీరు గుడ్డును తాకితే చాలు, పిల్ల బయటికి వస్తుంది. కడగకుండా అటకెక్కించిన కూలర్‌ను దించి నీళ్లు పోసినా జరిగేది ఇదే.

కాబట్టి వంపడంతో ఆగకండి, రుద్దండి. గట్టి బ్రష్షు గానీ కొబ్బరి పీచు గానీ తీసుకుని, సబ్బు పొడి వేసి, అడుగు నుంచి పై అంచు దాకా లోపలి గోడంతా గీకాలి. నీటి గీత పడిన చోట రెండు సార్లు రుద్దాలి, గుడ్లు ఎక్కువగా ఉండేది అక్కడే. కడిగిన నీళ్లను మరో తొట్టిలోకో, నీళ్లు నిలిచిన కాలువలోకో వదలకుండా ఎండు నేల మీద పారబోయండి. మన ఎండలకు గుడ్డు దోమగా మారడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది. వారానికి ఒకసారి అన్న లెక్క అందుకే. ఒక్క వారం మానేసినా ఒక తరం ఎగిరిపోతుంది.

డ్రమ్ము మీద మూత ఉంది కదా అనుకోవద్దు. అంచు వంగిన మూత కింద చీకటి, చల్లదనం, నీళ్లు మూడూ దొరుకుతాయి, దోమకు అంతకంటే అనువైన చోటు లేదు. మూత సరిగా కూర్చోకపోతే పాత పంచెను బిగించి తాడుతో కట్టండి. గుడ్డ సడలి నీళ్లను తాకకుండా చూసుకోండి. ఖాళీ చేయడం కుదరని ట్యాంకుల్లో ఆరోగ్య సిబ్బంది దోమ పిల్లలను చంపే టెమిఫాస్ మందు వేస్తారు. 1 శాతం గుళికలైతే 1,000 లీటర్లకు 100 గ్రాములు. ఆ కొలత వాళ్లకే వదిలేయండి.

ఫ్రిజ్ వెనక నీళ్లు చేరే ట్రే, మనీప్లాంట్ సీసా, పూలకుండీ కింద పళ్లెం, వాడని రోలు, డాబా మీది పాత టైరు, ఇవీ ఒకసారి చూడండి.

మిగతా దోమల సంగతి వేరు. బోదకాలు తెచ్చే క్యూలెక్స్‌కు మురికి నీళ్లే ఇష్టం. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి సన్నటి వల కట్టకపోతే అక్కడి నుంచి వందల్లో బయటికి వస్తాయి. మలేరియా అనాఫిలిస్ దోమది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టింది ఆ జాతి దోమ కడుపులోనే. పట్టణాల్లో ఆ కుటుంబపు దోమ మేడ మీది ట్యాంకులో కూడా పెరుగుతుంది. టార్చి వేసి చూడండి. నీటి పైపొరకు అడ్డంగా పడుకుని ఉంటే అనాఫిలిస్ పిల్ల, తల కిందకు వేలాడుతుంటే మిగతా రెండింటిలో ఒకటి.

పొగ యంత్రం వీధిలోకి వస్తే చాలామంది తలుపులు మూసేస్తారు. డెంగీ దోమ ఇంట్లో మంచం కింద, కర్టెన్ వెనక, తగిలించిన బట్టల మధ్య కూర్చుని ఉంటుంది, మూసిన ఇంట్లోకి పొగ వెళ్లదు. తినే పదార్థాలపై మూతలు పెట్టి, తలుపులు, కిటికీలు తెరిచి, మీరు బయటికి రండి. పొగ ఎగిరే దోమనే చంపుతుంది, గుడ్డును ఏమీ చేయదు.

ఇది పగలు కుడుతుంది, పొద్దున్నా సాయంత్రానికి ముందూ మరీ ఎక్కువ. మధ్యాహ్నం నిద్రపోయే పసిపిల్లలకూ దోమతెర కట్టండి.

డెంగీ అనుమానం ఉంటే ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ ఇవ్వకూడదు, రక్తస్రావం పెరుగుతుంది. వైద్యులు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ చాలు. జ్వరం తగ్గిందని ఊపిరి పీల్చుకునే ఆ ఒకటి రెండు రోజులే ప్రమాదకరం. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే ప్లేట్‌లెట్ల రిపోర్టు కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

జ్వరం ఉన్నన్నాళ్లూ రోగిని పగలు కూడా దోమతెరలోనే ఉంచండి. రోగిని కుట్టిన దోమ 8 నుంచి 12 రోజుల్లో మరొకరికి వైరస్ ఎక్కించగలదు. ఆలోగా ఆ ఇంటివీ, చుట్టుపక్కల ఇళ్లవీ తొట్ల గోడలన్నీ రుద్ది తీరాలి.

నమస్కారం.