మినమాత అఖాతం: తవ్విన పాదరసం ఎక్కడికి పోయింది?

[తెర మీద: పచ్చటి పార్కు, వెనకాల సముద్రం]

ఈ పార్కు చూశారా? గడ్డి, చెట్లు, నడక దారులు. దీని కింద ఉన్నది పాదరసం కలిసిన బురద. ఇది జపాన్‌లోని క్యూషూ దీవి, కుమమోతో ప్రాంతంలోని మినమాత పట్టణం.

పాదరసం విషంతో నరాలు దెబ్బతినే మినమాత జబ్బు గురించి చాలామంది వినే ఉంటారు, అందుకే రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఇక్కడి ఫ్యాక్టరీలో చిస్సో అనే రసాయనాల కంపెనీ 1932 నుంచి 1968 దాకా అసిటాల్డిహైడ్ అనే రసాయనం తయారుచేసింది. ఆ పనిలో పుట్టిన మిథైల్ మెర్క్యూరీ, అంటే పాదరసపు విష రూపం, మురుగునీళ్ళతో సముద్రంలోకి, అక్కణ్ణుంచి చేపల్లోకి, వాటిని తిన్న పిల్లుల్లోకి, మనుషుల్లోకి చేరింది. జబ్బు బయటపడింది 1956లో. కారణం ఫ్యాక్టరీయేనని ప్రభుత్వం ఒప్పుకుంది 1968లో! ఈ మధ్యలో, 1958లో, కంపెనీ మురుగును అఖాతం నుంచి మినమాత నది ముఖద్వారం వైపు మళ్ళించింది. దాంతో జబ్బు అటువైపు ఊళ్ళకూ పాకింది.

[తెర మీద: అఖాతం పటం, అడుగున బురద పొర]

సరే, ఫ్యాక్టరీలో ఆ తయారీ ఆగింది. మరి అడుగున పేరుకున్నదాని సంగతి? పాదరసం మూలకం. కాల్చినా పోదు, కుళ్ళినా పోదు, ఏ సూక్ష్మజీవీ దాన్ని లేకుండా చెయ్యలేదు. చేయగలిగిందల్లా చోటు మార్చి మూత పెట్టడమే.

చోటు మార్చడం కూడా తేలిక కాదు. బురదను కెలికితే విషం మళ్ళీ నీళ్ళలో కలుస్తుంది. 1977లో పనులు మొదలుపెట్టగానే స్థానికులు ఆ భయంతోనే కోర్టుకెక్కారు. పని ఆగి, మళ్ళీ 1980లో మొదలైంది. లోపల పదునైన బ్లేడు తిరిగే యంత్రాలు కాకుండా, బురదను మెల్లగా పీల్చే డ్రెడ్జర్లు వాడారు. 25 పీపీఎం (పది లక్షల భాగాల్లో 25) కంటే ఎక్కువ పాదరసం ఉన్న బురదను లెక్కలోకి తీసుకున్నారు. మొత్తం సుమారు 15 లక్షల ఘనపు మీటర్లు. అంతా తవ్వలేదు. విషం బాగా ముదిరిన లోపలి భాగాన్ని ఉక్కు గోడలతో చుట్టేసి, బయటి బురదను కూడా అందులోకే పోసి, పైన షీటు పరిచి మట్టి కప్పారు. 1990కి 58 హెక్టార్ల కొత్త నేల తయారైంది.

ఖర్చు సుమారు 4,850 కోట్ల యెన్‌లు. ఎక్కువ వాటా చిస్సోదే. కానీ పరిహారాలు కట్టలేక కుంగిపోతున్న ఆ కంపెనీకి కుమమోతో ప్రభుత్వమే బాండ్లు అమ్మి అప్పిచ్చి నిలబెట్టింది. విషం పోసినవాడు దివాలా తీస్తే బాధితులకు ఇచ్చేదెవరు? నాకైతే ఇందులో న్యాయం కంటే నిస్సహాయతే కనిపిస్తుంది.

[తెర మీద: నీటిలో వల]

చేపల్ని ఆపడానికి 1974 నుంచే అఖాతానికి అడ్డంగా వల కట్టారు. పడవలు పోయే చోట వల కట్టలేరు కదా, అక్కడ శబ్దంతో చేపల్ని బెదరగొట్టేవారు! లోపల పట్టిన చేపల్ని డ్రమ్ముల్లో కుక్కి పాతిపెట్టారు. చేపల్లో పాదరసం ప్రమాణాల లోపలికి దిగాక, 1997లో వల తీసేశారు.

[తెర మీద: పార్కు అంచున గట్టు]

అయితే ఉక్కు తుప్పు పడుతుంది. 2016లో కుమమోతోలో పెద్ద భూకంపాలు కూడా వచ్చాయి. అందుకే ఆ గోడను, చుట్టూ ఉన్న నీళ్ళను ఇప్పటికీ పరీక్షిస్తూనే ఉండాలి.