కుండీలో వేరుకు గాలి కూడా కావాలి

అందరికీ నమస్కారం.

బాల్కనీలో మొక్కలు పెంచేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది: "రోజూ నీళ్లు పోస్తున్నాను, అయినా మొక్క ఎందుకు వాడిపోతోంది?" చాలాసార్లు రోజూ పోయడమే అందుకు కారణం.

వేరు కూడా ఊపిరి తీసుకుంటుంది. మట్టి రేణువుల మధ్య సందుల్లో ఉండే గాలే దానికి ఆధారం. ఆ సందులన్నీ నీళ్లతో నిండిపోయి అలాగే ఉంటే వేరుకు ఆక్సిజన్ అందదు, కుళ్లిపోతుంది. కుళ్లిన వేరు నీటిని పీల్చుకోలేదు. అందుకే మట్టి తడిగా ఉన్నా మొక్క వడలిపోతుంది. దాన్ని చూసి మనం ఇంకో చెంబు పోస్తాం. కాబట్టి ఆకు వాలిందని వెంటనే నీళ్లు పోయకండి, ముందు మట్టిలో వేలు పెట్టి చూడండి. రెండు మూడు సెంటీమీటర్ల లోతున పొడిగా ఉంటేనే పోయండి. పోసినప్పుడు మాత్రం అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోయండి. పళ్లెంలో నిలిచిన నీళ్లు అరగంటలో పారబోయండి.

ఇప్పుడు ఈ స్పాంజ్ చూడండి. పూర్తిగా తడిపి బల్లపరుపుగా పట్టుకున్నాను, చుక్కలు కారి ఆగిపోయాయి. ఇదే స్పాంజ్‌ను నిలువుగా తిప్పుతున్నాను. మళ్లీ కారుతోంది చూశారా? నేను పిండలేదు, ఎత్తు పెరిగిందంతే. కుండీలోనూ ఇదే జరుగుతుంది. కారాల్సిందంతా కారిపోయాక కూడా అడుగున తడి ముద్దగా ఒక పొర మిగులుతుంది. లోతు తక్కువైన కుండీలో ఆ పొరే సగం చోటు ఆక్రమిస్తుంది. డ్రైనేజీ కోసమని అడుగున గులకరాళ్లు వేస్తే ఆ పొర పోదు, రాళ్ల పైకి జరిగి వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. చాలామంది నమ్మకంగా చెప్పే సలహాయే అయినా రాళ్లు వేయొద్దనే నేను చెబుతాను. మట్టి జారకుండా రంధ్రం మీద చిన్న జాలీ ముక్క చాలు.

అసలు డ్రైనేజీ మట్టి మిశ్రమంలోనే ఉండాలి. తోట మట్టి ఒక్కటే నింపితే కొన్నాళ్లకు గట్టిపడిపోతుంది. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), బాగా మాగిన కంపోస్టు, గుల్లదనం కోసం పెర్లైట్ (తేలికైన తెల్లటి గుల్లరాయి పలుకులు) లేదా ముతక ఇసుక కలపండి. ఆ మిశ్రమం మరీ ఎండిపోతే కుంచించుకుపోయి, పోసిన నీళ్లు అంచుల వెంట జారిపోతాయి. అప్పుడు కుండీని నీళ్ల తొట్టిలో అరగంట ఉంచితే మళ్లీ తడి పట్టుకుంటుంది.

ఆకుకూరలకు 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు సరిపోతుంది. టమాటాకు కనీసం 30 సెంటీమీటర్లు ఉండాలి. మిశ్రమంలో మట్టి వాటా ఎక్కువగా ఉన్న 20 లీటర్ల కుండీ తడిస్తే 30 కిలోల దాకా బరువు తూగుతుంది. అలాంటివి గోడ వారగానే పెట్టండి, రెయిలింగ్ మీద వద్దు.

ఎండ విషయంలో మనల్ని మనం మభ్యపెట్టుకోకూడదు. కాయలు కాసే మొక్కలకు రోజుకు ఆరు గంటల నేరుగా పడే ఎండ కావాలి. అది లేని చోట ఎరువు ఎంత వేసినా లాభం లేదు. ఆకుకూరలు పెంచుకోవడం మేలు.

నీళ్లు పోసిన ప్రతిసారీ పోషకాలు కొన్ని కొట్టుకుపోతాయి. అందుకని ఎదిగే కాలంలో రెండు వారాలకోసారి పలచగా ద్రవ ఎరువు ఇవ్వండి, అదీ తడి మట్టికే. ముదురు ఆకులు ముందు పసుపెక్కితే సాధారణంగా నత్రజని లోపం. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదని అనుమానించండి.

పురుగుల కోసం ఆకు అడుగున చూడండి, పేనుబంక, ఎర్రనల్లి ఎక్కువగా అక్కడే చేరతాయి. ముందు నీళ్లు చిమ్మి కడగండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట చల్లండి. ఎండలో చల్లితే ఆకులు మాడతాయి.

ఇప్పుడు ఈ రెండు కుండీల్లోంచి మొక్కల్ని బయటికి తీస్తాను, దగ్గరికి వచ్చి చూడండి. మొదటిదాని వేళ్లు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. రెండోదానివి గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే పైపొర ఊడి వస్తోంది. ఈ మెత్తబడ్డ వేళ్లు కత్తిరించేసి, కొత్త మిశ్రమంలో నాటి, కొన్నాళ్లు నీడలో ఉంచుదాం. ఎవరైనా కత్తెర అందుకోండి, మీ చేతే చేయిస్తాను.